తోటలో పెళ్లి – మూడో పాఠం: నీడ చూసుకోవడం, తంతు రాసుకోవడం

మొదటి పాఠంలో పిలుపుల జాబితా నూట యాభై మంది దాటకుండా కుదించుకున్నాం. రెండో పాఠంలో తోట ఎంచుకుని, నెల తేల్చుకున్నాం. ముహూర్తం పట్టింపు లేనివాళ్లకి ధనుర్మాసం మంచిదని చెప్పాను. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మన వైపు పెళ్లిళ్లు ఉండవు కాబట్టి వంటవాళ్లూ షామియానా వాళ్లూ ఖాళీగా ఉంటారు, ఎండ కూడా ఓర్చుకోగలిగినంతే ఉంటుంది. తోట రైతుని అడగమన్న రెండు ప్రశ్నలు అడిగారా? పూత ఎప్పుడు వస్తుంది, మందు ఎప్పుడు కొడతారు? అడగకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆయనకి ఫోన్ చేయండి. పెళ్లికి రెండు రోజుల ముందు పురుగుమందు కొట్టిన తోటలో పిల్లల్ని ఆడుకోనివ్వలేం.

ఈ పాఠంలో పని రెండు రకాలు. ఒకటి తోటలోకి వెళ్లి చేసేది, రెండోది ఇంట్లో కాగితం మీద చేసేది.

నీడ గీయడం

మా పెళ్లి నూజివీడు దగ్గర మా మేనమామ మామిడి తోటలో, జనవరి మొదటి వారంలో జరిగింది. ఉదయం పదింటికి కుర్చీలన్నీ చక్కటి నీడలో వేశాం. మేం పడమటి పక్కన నిలబడ్డాం, వచ్చినవాళ్లు మా ఎదురుగా కూర్చున్నారు. పదకొండున్నర అయ్యేసరికి నీడ జరిగిపోయి ముందు రెండు వరుసలూ ఎండలో పడ్డాయి. ముందు వరుసల్లో కూర్చునేది పెద్దవాళ్లే కదా. మా అమ్మమ్మ కొంగు తలమీద కప్పుకుని అలాగే కూర్చుంది. లేచి వెనక్కి వెళ్తే మేం చెప్పుకునే మాటలు వినపడవని లేవలేదట. ఆ సంగతి నాకు సాయంత్రం తెలిసింది. ఇప్పటికీ గుర్తొస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే నేను సాయం చేసిన ప్రతి తోట పెళ్లికీ మొదటి పనిగా నీడ గీయిస్తాను.

కిలో ముగ్గుపిండి పట్టుకెళ్లండి. తంతు మొదలయ్యే వేళకి తోటలో ఉండండి. మీరు ఎంచుకున్న చెట్ల కింద నీడ అంచు ఎక్కడుందో దాని వెంబడే ముగ్గు పోస్తూ నడవండి. గంటన్నర ఆగి, కొత్త అంచు వెంబడి ఇంకో గీత పోయండి. రెండు గీతలకీ లోపల మిగిలిన చోటు ఏదో అదే మీ పెళ్లి పందిరి. మొదట చూసినప్పుడు ఎంతో పెద్దదిగా కనిపించిన నీడలో సగమే మిగిలిందని ఆశ్చర్యపోతారు. ఆ సగంలో పట్టినన్ని కుర్చీలే వేయండి. చాలకపోతే ఇంకో రెండు చెట్లు కలుపుకోండి, లేదా తంతు ఓ గంట ముందుకి జరపండి. ఎండలో కూర్చోబెట్టి గొడుగులు పంచడం మాత్రం వద్దు, వెనకవాళ్లకి ఏమీ కనపడదు.

ఈ గీతలు పెళ్లి తేదీకి వారం పది రోజుల ముందు గీయాలి. వేసవిలో చూసొచ్చిన నీడని నమ్ముకుని చలికాలంలో పెళ్లి పెట్టుకోకండి. మన వైపు మే నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, చెట్టు నీడ చెట్టు కిందే ఉంటుంది. డిసెంబరు చివర అదే వేళకి విజయవాడ ప్రాంతంలో 50 డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. అంటే 6 మీటర్ల చెట్టు తన నీడని ఉత్తరం వైపు 5 మీటర్ల దూరం పారేస్తుంది. ఆ రోజుల్లో ఎండ పొద్దస్తమానం దక్షిణం నుంచే వస్తుంది కాబట్టి అతిథుల్ని ఉత్తరం చూస్తూ కూర్చోబెట్టండి, కళ్లలో ఎండ పడదు. మీరిద్దరూ వాళ్లకి ఎదురుగా, బాగా గుబురుగా ఉన్న చెట్టు కింద నిలబడాలి. మేం పడమటి పక్కన నిలబడి తప్పు చేశాం.

పాత మామిడి తోటల్లో చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల దూరం పెడతారు. ఆ సందులో మధ్య దారి వదిలి వరుసకి పది కుర్చీలు హాయిగా పడతాయి. పది వరుసలు వేస్తే నూరు మంది. మిగతావాళ్లకి పక్క సందులో జంపఖానాలు పరిచేయండి. పిల్లలూ కుర్రకారూ అక్కడికే చేరతారు.

నీడ గీసేటప్పుడే తల ఎత్తి కొమ్మలన్నీ చూడండి. తేనెపట్టు ఉంటే ఆ చెట్టుకి దూరంగా జరగండి. వంట పొగ తగిలి ఈగలు లేస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. గాడిపొయ్యిలు గాలివాటం చూసుకుని తోట చివర తవ్వించాలి. ఎర్రచీమల గూళ్లున్న చెట్టు కింద కుర్చీలు వద్దు. తర్వాత తల దించి నేల చూడండి. పల్లేరు కాయలుంటే ఒకటికి రెండుసార్లు ఊడిపించండి. చెప్పులు వేసుకునే కూర్చోవచ్చని ముందే అందరికీ చెప్పాలి, ఎందుకంటే పెళ్లి అనగానే మనవాళ్లు అలవాటుకొద్దీ విడిచేస్తారు. లైట్లకీ మైకుకీ తోటలో మోటారు కరెంటు వాడకండి. అది వ్యవసాయానికి ఇచ్చింది. జనరేటర్ మాట్లాడుకోండి.

తంతు రాయడం

సంప్రదాయం వద్దనుకున్న జంటలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఏం వద్దో వాళ్లకి బాగా తెలుసు. దాని చోట ఏం పెట్టాలో ఆలోచించరు. దండలు మార్చుకుంటారు, చప్పట్లు కొడతారు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. రాజమండ్రి నుంచీ హైదరాబాదు నుంచీ ప్రయాణం చేసి వచ్చినవాళ్లు “అయిపోయిందా?” అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెళ్లి చూశామన్న తృప్తి లేకుండా భోజనానికి లేస్తారు. తంతు చిన్నదిగా ఉండొచ్చు, బోసిగా ఉండకూడదు. నలభై నిమిషాలు పెట్టుకోండి.

మన నేలకి ఇది కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి వందేళ్ల కిందటి తరం మనిషి. అర్థం తెలియని మంత్రాలతో పెళ్లేమిటని తెలుగులోనే ‘వివాహ విధి’ రాసి, తానే నిలబడి పెళ్లిళ్లు జరిపించారు. విజయవాడ నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కూతురు మనోరమకీ, దళిత యువకుడు అర్జునరావుకీ పెళ్లి గాంధీ చేతుల మీదుగా జరగాలనుకున్నారు. 1948 జనవరిలో గాంధీ హత్య జరిగింది. ఆ మార్చిలో గాంధీ ఆశ్రమమైన సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లి చేశారు. ఈ సంగతులు మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. ‘ఈ కాలం పిల్లల వేషాలు’ అనుకున్నవాళ్లు కూడా త్రిపురనేని పేరు చెబితే కాస్త మెత్తబడటం నేను చూశాను. కృష్ణా, గుంటూరు వైపు ఇళ్లల్లో అయితే ‘మా తాత పెళ్లి అలాగే జరిగింది’ అనేవాళ్లు కూడా తగులుతారు.

ఇక తంతులో కదలకూడని మేకు ఒకటుంది, అది చట్టం. ఇద్దరూ హిందువులై హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే ఇరువైపులా ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. ఏ తంతూ జరగకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే తెచ్చుకుంటే ఆ చట్టం కింద పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. దండలు మార్చుకుంటే చాలనే మాట మనవాళ్లు చాలామంది తమిళనాడు నుంచి విని చెబుతారు. అక్కడ 1967లో అందుకోసం చట్టాన్ని సవరించుకున్నారు. ఆ సవరణ ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ వర్తించదు. కాబట్టి ఆచారాలన్నీ వదిలేసేవాళ్లూ, వేరు వేరు మతాలవాళ్లూ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం పట్టుకోవడమే దారి.

దాని లెక్క ఇదీ. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. నోటీసు ప్రకటించాక 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికొస్తుంది. ముగ్గురు సాక్షులు కావాలి. తంతు మీ ఇష్టం, ఏ రూపంలోనైనా జరుపుకోవచ్చు. కానీ ఆ అధికారి, ఆ ముగ్గురు సాక్షుల ఎదుట, మీకు అర్థమయ్యే భాషలో ఒక వాక్యం ఇద్దరూ పలకాలి: “ఫలానా అనే నేను, ఫలానా అయిన నిన్ను, నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను.” రెండోవారు ‘భర్తగా’ అంటారు. ఆ మాట పలికితేనే పెళ్లి.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఇందులో ఉంది. అదనపు రుసుము కడితే ఈ తంతు ఆఫీసులోనే కాకుండా, అక్కడికి అందుబాటు దూరంలో మీరు కోరిన చోట కూడా జరపవచ్చని చట్టమే చెబుతోంది. అంటే అధికారి మీ తోటకి రావచ్చు. నోటీసు ఇచ్చే రోజే ఈ మాట అడగండి. తోట ఇంకో జిల్లాలో ఉంటే మాత్రం ఇది కుదరడం కష్టం. అప్పుడు ముందు రోజు ఆఫీసులో సంతకాలు కానిచ్చి, మర్నాడు తోటలో అదే వాక్యం అందరి ముందూ మళ్లీ పలకండి. వచ్చినవాళ్లకి వినపడాల్సింది ఆ మాటే.

ఈ మేకు చుట్టూ మిగతాది అల్లుకోవాలి. కాగితం తీసుకుని, మీ రెండు కుటుంబాల పెళ్లిళ్లలో మీకు చిన్నప్పటినుంచీ ఇష్టమైనవేవో రాయండి. సంప్రదాయం కాదన్నంత మాత్రాన ఇష్టమైనవి వదులుకోనక్కర్లేదు. నాకు తలంబ్రాలంటే ప్రాణం. ఒకరి మీద ఒకరు పోటీపడి పోసుకుంటుంటే రెండు వైపులవాళ్లూ కేకలేస్తారు చూడండి, అప్పుడే రెండు ఊళ్ల జనం ఒకటవుతారు. మేం అది ఉంచుకున్నాం. కన్యాదానం తీసేశాం. నన్ను దానం ఇవ్వడం మా నాన్నకీ ఇష్టం లేదు. జీలకర్ర బెల్లం దగ్గర అమ్మ పట్టుబట్టింది. “మంత్రం లేకపోతే పోనీ, ఆ వాసన లేకపోతే నాకు పెళ్లిలా అనిపించదే” అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మంత్రం లేకుండా, అమ్మా అత్తయ్యా కలిసి నూరిన ముద్దని ఒకరి తలమీద ఒకరం పెట్టుకున్నాం.

తీసేసిన ప్రతిదాని చోటా అది చేసే పని ఏమిటో చూడండి. కన్యాదానంలో కన్నవాళ్లకి నలుగురి ముందూ ఒక స్థానం ఉంటుంది. అది తీసేసి వాళ్లని ఊరికే కుర్చీల్లో కూర్చోబెడితే చిన్నబుచ్చుకుంటారు. మేం కన్నవాళ్లు నలుగురినీ ముందుకి పిలిచి, ఒక్కొక్కరూ తమ ఇంటికి వస్తున్న మనిషితో రెండు మాటలు చెప్పమన్నాం. అప్పగింతలు ఆడపిల్ల వైపే ఎందుకుండాలి? మా మామగారు నా చేతిలో ఆయన కొడుకు చెయ్యి పెట్టి, “వీడికి పొద్దున్నే కోపం ఎక్కువ, టీ తాగేదాకా పట్టించుకోకమ్మా” అన్నారు. అందరూ నవ్వారు, ఆయన మాత్రం కళ్లు తుడుచుకున్నారు.

ప్రమాణాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ‘జీవితాంతం ప్రేమిస్తాను’ లాంటివి రాసుకుంటే వినేవాళ్లకి ఏమీ తగలదు. పదేళ్ల తర్వాత మీరు అది నిలబెట్టుకున్నారో లేదో పక్కవాళ్లు చూసి చెప్పగలగాలి, అంత స్పష్టంగా రాయండి. ‘నీ జీతం ఎంతని ఎవరడిగినా నిన్నడక్కుండా చెప్పను.’ ‘మీ అమ్మకి ఒంట్లో బాగాలేకపోతే నువ్వు అడక్కముందే బస్సెక్కుతాను.’ ‘పోట్లాడినా అన్నం తినకుండా పడుకోను, పడుకోనివ్వను.’ ఇలాంటివి ఐదు చాలు. బయటికి చదివి చూసుకోండి. రెండు నిమిషాలు దాటితే కత్తిరించండి. ఇద్దరూ విడివిడిగా రాసుకుని, ఎన్ని వాక్యాలో మాత్రం ఒకరికొకరు చెప్పుకోండి. ఒకరు రెండు మాటలు చెప్పి ఇంకొకరు రెండు పేజీలు చదివితే ఇద్దరికీ ఇబ్బందే.

పురోహితుడి చోట నడిపించే మనిషి ఒకరు కావాలి. గొంతున్నవాళ్లు, రెండు వైపులా అందరూ మన్నించేవాళ్లు, మైకు దొరికితే ఉపన్యాసం ఇవ్వనివాళ్లు. ఊరి బడిలో పనిచేసి రిటైరైన మాస్టారో టీచరమ్మో దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. వాళ్లకి తంతు మొత్తం పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. ఎవరు ఎప్పుడు లేవాలి, ఎక్కడ నిలబడాలి, మేళం ఎప్పుడు మోగాలి అన్నీ అందులో ఉండాలి. సన్నాయిమేళం వాళ్లతో ముందే కూర్చుని, ఏ మాట వినగానే అందుకోవాలో ఒప్పించండి. గట్టిమేళానికి మన చెవులు అలవాటుపడ్డాయి. ఆ చట్టం వాక్యం రెండోవారి నోట పూర్తవగానే సన్నాయీ డోలూ ఒక్కసారిగా లేస్తే, అక్షింతలు ఎప్పుడు వేయాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

వచ్చే పాఠంలోపు చేయాల్సినవి

తోటలో రెండు గీతలు గీసి, రెండింటికీ లోపల పట్టే కుర్చీలు లెక్కపెట్టి రాసుకోండి. జాబితాలో డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఎందరో చూసి, వాళ్లకి నీడ మధ్యలో ముందు వరుసలు కేటాయించండి. నోటీసు ప్రకటించిన తేదీ నుంచి 30 రోజులు, నోటీసు ఇచ్చిన తేదీ నుంచి 3 నెలలు ఎప్పటికి అవుతాయో క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఐదు ప్రమాణాలు రాయండి. ఉంచుకునేవీ తీసేసేవీ జాబితా వేసి, కాగితం మీ అమ్మల చేతిలో పెట్టి ఒక వారం వదిలేయండి. వాళ్లు వెనక్కిచ్చాకే తంతు ఖాయం చేయండి.

నాలుగో పాఠం భోజనాల గురించి. విస్తళ్లు ఎన్ని కుట్టించాలి, నీళ్ల టిన్నులు ఎన్ని తెప్పించాలి, తోటలో చెత్త మిగలకుండా ఏం చేయాలి అన్నది అందులో చూద్దాం. ఈలోపు మీ తోటకి నీళ్ల ట్యాంకరు వెళ్లే దారి ఉందో లేదో కనుక్కుని ఉంచండి.