పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు: ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి?

మలంలో రక్తం కనపడగానే చాలామంది "పైల్స్ అయి ఉంటాయిలే" అనుకుని ఊరుకుంటారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ పైల్స్ ఉన్న మనిషికే పెద్దపేగు క్యాన్సర్ కూడా ఉండొచ్చు. ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే.

ఈ జబ్బు ఎక్కువగా పేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న కండలా మొదలవుతుంది. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్‌గా మారవు. మారేవాటికి కూడా సాధారణంగా పదేళ్లదాకా పడుతుంది. ఈలోగా కనిపెట్టి తీసేస్తే క్యాన్సర్ రాకుండానే ఆపొచ్చు. అందుకే ఏ బాధా లేనప్పుడే పరీక్ష చేయించుకోమని చెప్పేది.

1. ముందు ఇంట్లో అడగండి

అమ్మానాన్నలకు, తోబుట్టువులకు, పిల్లలకు ఈ క్యాన్సర్ వచ్చిందా? వస్తే ఏ వయసులో? ఈ రెండో ప్రశ్న చాలామంది అడగరు, కానీ లెక్కంతా దాని మీదే ఉంది. మామూలుగా 45 ఏళ్లకు పరీక్షలు మొదలుపెట్టాలని అమెరికా నిపుణుల బృందం 2021లో చెప్పింది. అంతకుముందు అది 50. కుటుంబంలో ఉంటే 40 ఏళ్లకు, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు. నాన్నకు 48లో వస్తే మీకు 38 అన్నమాట. లించ్ సిండ్రోమ్ (ఈ క్యాన్సర్ రిస్క్ పెంచే వంశపారంపర్య జన్యులోపం), అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ (రెండూ పేగులో ఏళ్ల తరబడి వాపు ఉండే జబ్బులు) ఉన్నవాళ్లకు వేరే లెక్క, డాక్టర్ని అడగండి.

పొగ, మద్యం, ఊబకాయం, ప్రాసెస్ చేసిన మాంసం రిస్క్ పెంచుతాయి.

2. పరీక్ష ఎంచుకోండి

ఫిట్ అంటే మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష. దీనికి ఇంట్లోనే మలం నమూనా తీసి ఇస్తే చాలు, ఏటా చేయాలి. కొలనోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు లోపల చూడటం. అందులో ఏ తేడా లేదని తేలితే మళ్లీ పదేళ్లకు. కొలనోస్కోపీ అంటే భయమైతే ఫిట్‌తోనే మొదలుపెట్టండి, వాయిదా మాత్రం వేయకండి. అయితే ఫిట్ పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ తప్పదు. మళ్లీ ఫిట్ చేయించి నెగెటివ్ వచ్చిందని ఊరట పడటం ప్రమాదం. కుటుంబ చరిత్ర బలంగా ఉన్నవాళ్లు నేరుగా కొలనోస్కోపీకే వెళ్లాలి.

3. పేగు శుభ్రం చేసుకోండి

నిజం చెప్పాలంటే కొలనోస్కోపీలో కష్టమంతా ఇక్కడే, పరీక్షలో కాదు. ముందురోజు పారదర్శకంగా ఉండే ద్రవాలే తాగాలి, ఎరుపు రంగువి వద్దు. విరేచనాల మందు సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగమంటారు. రెండో సగం వదిలేస్తే పాలిప్‌లు కనపడకుండా పోవచ్చు. షుగర్ మందులు, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లడానికి ఒక మనిషి తోడుండాలి.

4. లక్షణాలుంటే వయసు చూడకండి

మలంలో రక్తం, వారాల తరబడి మారిన మలవిసర్జన అలవాటు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఐరన్ లోపంతో రక్తహీనత: వీటిలో ఏది ఉన్నా 30 ఏళ్లవాళ్లు కూడా డాక్టర్ని కలవాలి.

5. రిపోర్టు అర్థం చేసుకోండి

అనుమానం ఉన్నచోట ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సరో కాదో తేల్చేది అదే. సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్) రక్తపరీక్ష ఒక్కటే చూసి నిర్ణయించలేం. క్యాన్సర్ అని తేలితే ఎంతవరకు పాకిందో సీటీ స్కాన్‌తో చూస్తారు, పురీషనాళంలో (మలద్వారానికి ముందుండే పేగు చివరి భాగం) అయితే ఎంఆర్ఐ కూడా.

క్యాన్సర్ గానీ, ముదిరిన రకం పాలిప్ గానీ బయటపడితే మీ వయసుతో సహా తోబుట్టువులకు, పిల్లలకు చెప్పండి. వాళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది.