ఏజెంట్ ఇన్వాయిస్‌ను తప్పుగా మారుస్తోందా? ముందు టూల్ వివరణ తెరిచి చూడండి

ఇన్వాయిస్‌ను మార్చే అప్‌డేట్_ఇన్వాయిస్ టూల్ (ఏజెంట్ పిలిచే ఫంక్షన్) పోస్ట్‌మ్యాన్‌లో, అంటే ఏపీఐలను చేత్తో పరీక్షించే యాప్‌లో, బాగానే నడుస్తుంది. ఏఐ ఏజెంట్ చేతికిచ్చాకే లెక్కలు తారుమారవుతాయి. వెంటనే ప్రాంప్ట్‌లో "జాగ్రత్తగా చెయ్యి" అని రాసేవాళ్లూ, మోడల్ మార్చేవాళ్లూ కోకొల్లలు. ఆ రెండూ తర్వాత. మోడల్‌కు నిజంగా వెళ్తున్న టూల్ నిర్వచనాన్ని లాగ్‌లోంచి తీసి చదవండి. ఎంసీపీ సర్వర్ (ఏజెంట్లకు టూల్స్ అందించే ప్రామాణిక పద్ధతి) అయితే టూల్స్/లిస్ట్ ఇచ్చే జవాబు చూడాలి. డాక్స్ సైట్‌లో పేజీలకు పేజీలు రాసినా, మీరు అందించకపోతే ఏజెంట్‌కు అది కనబడదు. దానికి తెలిసేవి పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏ ఫీల్డులు ఏ రూపంలో పంపాలో చెప్పే నమూనా). తీరా తెరిచి చూస్తే వివరణలో "ఇన్వాయిస్‌ను అప్‌డేట్ చేస్తుంది" అన్న ఒక్క ముక్కే ఉంటుంది. ఆ మాట టూల్ పేరే చెబుతోంది కదా!

లక్షణం: "మార్చేశాను" అంటుంది, కానీ ఇన్వాయిస్ మొత్తం విలువ పడిపోయింది

ఎర్రర్ రాదు, 200 ఓకే (పని సరిగ్గా జరిగిందనే జవాబు) వస్తుంది. అందుకే ఇది నెలాఖరు దాకా బయటపడదు.

ఒక ఇన్వాయిస్‌లో మూడు లైన్లున్నాయి అనుకోండి: కీబోర్డులు 10 × 1,200, మౌస్‌లు 10 × 500, ఇన్‌స్టలేషన్ 3,000. మొత్తం 20,000, 18% జీఎస్టీతో 23,600. "మౌస్‌లు 12 చెయ్యి" అని అడిగారు. 24,780 రావాలి. వచ్చింది 7,080. మౌస్ లైన్ తప్ప మిగతావన్నీ ఎగిరిపోయాయి.

ఏజెంట్ తప్పేమీ చేయలేదు. మారిన లైన్ ఒక్కటే పంపింది. "లైన్ ఐటమ్స్‌ను అప్‌డేట్ చేస్తుంది" అని చదివిన మనిషైనా అదే చేస్తాడు. కానీ వెనక ఉన్న సర్వర్ జాబితాను కలపదు, పాతది తీసేసి కొత్తది పెడుతుంది. డేటాలో మార్పులు పంపే ప్రమాణం జేసన్ మర్జ్ ప్యాచ్ (ఆర్‌ఎఫ్‌సీ 7396) పద్ధతే అది: విడి ఫీల్డు పంపకపోతే అలాగే ఉంటుంది, జాబితా పంపితే మొత్తానికి మొత్తం మారిపోతుంది. ఒకే రిక్వెస్టులో గడువు తేదీకి ఒక నియమం, లైన్లకు మరో నియమం. ఏపీఐ రాసినవాళ్లకు ఇది ఎంత అలవాటైపోయిందంటే, రాసిపెట్టాలనే తట్టదు. స్కీమాలో "ఐటమ్స్: అరే" (array, అంటే జాబితా) అని మాత్రం ఉంటుంది.

నిర్ధారణకు రెండు నిమిషాలు చాలు. ఏజెంట్ పంపిన రిక్వెస్టులో ఎన్ని లైన్లున్నాయి, మార్పుకు ముందు ఇన్వాయిస్‌లో ఎన్ని ఉన్నాయి? తొలగించమని ఎవరూ అడగకుండానే ఆ సంఖ్య తగ్గితే దొంగ దొరికినట్టే.

వివరణలో ఇలా రాయండి: "ఐటమ్స్ పంపితే ఇన్వాయిస్‌లోని పాత లైన్లన్నీ పోయి, పంపినవే మిగులుతాయి. ఒక్క లైన్ మార్చాలన్నా ముందు గెట్_ఇన్వాయిస్ పిలిచి, లైన్లన్నిటినీ వాటి లైన్ ఐడీలతో సహా తిరిగి పంపాలి. లైన్లు మార్చే పని లేకపోతే ఈ ఫీల్డే పంపవద్దు. ఖాళీ జాబితా పంపితే లైన్లన్నీ తొలగిపోతాయి." ఇందులో ముఖ్యమైన ముక్కను ఐటమ్స్ ఫీల్డు వివరణలో కూడా పెట్టండి. ఒకే మాట రెండుసార్లు ఉందని ఎవరూ కోప్పడరు.

రాతతోనే ఆగితే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ జరుగుతుంది. వచ్చిన లైన్లు ఉన్నవాటికన్నా తక్కువైతే, "అన్నీ మార్చు" అనే ఫ్లాగ్ లేకుండా సర్వర్ తిప్పికొట్టాలి. జవాబులో పాత మొత్తం, కొత్త మొత్తం, లైన్ల సంఖ్య తిరిగివ్వాలి. 23,600 కాస్తా 7,080 అయిందని కళ్లెదుట కనబడితే ఏజెంట్ తన పొరపాటును తానే పట్టుకునే వీలుంటుంది. అన్నిటికన్నా మేలు, ఒక్క లైన్ మార్చడానికి అప్‌డేట్_లైన్ అని విడి టూల్ ఇవ్వడం.

క్విక్‌బుక్స్ ఆన్‌లైన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద టూల్ కడుతుంటే ఇంకో మెలిక ఉంది. ఫుల్ అప్‌డేట్‌లో మీరు పంపని ఫీల్డులు ఖాళీ అయిపోతాయి, స్పార్స్ అప్‌డేట్‌లో కావు. మీ టూల్ ఏది వాడుతోందో వివరణలో చెప్పండి.

లక్షణం: మొత్తం వంద రెట్లు తప్పింది

పైసలు, రూపాయల గొడవ. స్ట్రైప్ లాంటి చెల్లింపు సేవలు మొత్తాన్ని చిన్న యూనిట్‌లో, అంటే పైసల్లో, అడుగుతాయి: 500 రూపాయలంటే 50000. ఫీల్డు పేరునే "అమౌంట్_పైసల్లో" అని మార్చండి, ఒక ఉదాహరణ ఇవ్వండి. సరిపోతుంది.

లక్షణం: "ఇన్వాయిస్ దొరకలేదు", లేదా వేరేవారి ఇన్వాయిస్ మారింది

వాడుకరి చెప్పేది బిల్లు మీది నంబరు, టూల్ అడిగేది డేటాబేస్ ఐడీ. స్కీమాలో రెండిటికీ "ఐడీ" అనే పేరే ఉంటే ఏజెంట్ ఊహించక ఏం చేస్తుంది? జీఎస్టీ ఇన్వాయిస్ నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలోపే ప్రత్యేకం, ఏడాది మారితే అదే నంబరు మళ్లీ రావచ్చు. కాబట్టి నంబరు నుంచి ఐడీ వెతికే టూల్ పేరును వివరణలోనే చెప్పండి.

లక్షణం: జారీ అయిన ఇన్వాయిస్ మీద పదేపదే ప్రయత్నిస్తోంది

సర్వర్ "400" (రిక్వెస్టు తప్పు) అని మాత్రమే అంటే ఏజెంట్ మాటలు మార్చి మళ్లీ పంపుతూనే ఉంటుంది. తర్వాత ఏం చేయాలో ఎర్రర్‌లోనే ఉండాలి: "ఇది డ్రాఫ్ట్ కాదు, మార్చడం కుదరదు. విలువ తగ్గించాలంటే క్రియేట్_క్రెడిట్_నోట్ వాడు." ఈ-ఇన్వాయిస్ అయితే ఇన్వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో సవరణ ఉండదు, 24 గంటల్లోపు రద్దు మాత్రమే కుదురుతుంది. ఆ గడువును వివరణలో రాసేయండి.

తేదీల్లో రోజు, నెల తారుమారైతే 2025-04-07 (ఏడాది-నెల-రోజు) రూపాన్ని స్కీమాలో తప్పనిసరి చేసి వదిలేయండి. రెండు సర్వర్ల టూల్ పేర్లు ఢీకొనడం, వివరణ మధ్యలో తెగిపోవడం, టెంపరేచర్ (మోడల్ జవాబుల్లో వైవిధ్యాన్ని నిర్ణయించే) సెట్టింగ్ లాంటివి అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.