టులెట్ బోర్డు పెట్టే ముందు ఇంటి పన్ను సంగతి

తిరుపతిలో ఇల్లు అద్దెకిస్తున్నారా? ముందు వీటిని చూసుకోండి.

☐ పాత బాకీ ఉందేమో వార్డు సచివాలయంలో అసెస్‌మెంట్ నంబరు (పన్ను బిల్లు మీద మీ ఇంటికి ఉండే నంబరు) చెప్పి కనుక్కోండి. నాన్నగారు పోయాక కూడా బిల్లు ఆయన పేరునే వస్తుంటే, పేరు మార్పించుకోండి.

☐ పన్ను ఆరు నెలలకోసారి: ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోపు కట్టేస్తే 5 శాతం రాయితీ. 2021 నుంచి మన రాష్ట్రంలో లెక్క ఆస్తి విలువ మీద, అద్దె మీద కాదు. కాబట్టి అద్దె తగ్గించినా బిల్లు తగ్గదు. పైన ఇంకో అంతస్తు వేస్తే మాత్రం పెరుగుతుంది. ఆ సంగతి దాచకండి.

☐ అగ్రిమెంటులో స్పష్టంగా రాయండి: ఇంటి పన్ను యజమానిది, కరెంటు బిల్లు అద్దెకున్నవాళ్లది. నీటి పన్ను ఎవరిదో కూడా రాయాలి, గొడవలు ఎక్కువగా అక్కడే. యూనివర్సిటీ చదువులకని పిల్లల్ని తీసుకుని వచ్చిన కుటుంబం నెత్తిన మన బాకీ పెట్టడం అన్యాయమండీ.

☐ రసీదులు భద్రం. అద్దె ఆదాయం మీద ఆదాయపు పన్ను లెక్కేసేటప్పుడు ఇంటి పన్ను తీసేసుకోవచ్చు. కానీ యజమాని కట్టి ఉండాలి, ఆ ఏడాదిలోనే కట్టి ఉండాలి.