హెచ్‌డీపీఈ పైపు అతుకు ఊడుతోందా? వేడి దగ్గర వెతకండి

పీవీసీ పైపును మంటమీద తిప్పి, మెత్తబడ్డాక సాకెట్ లాగడం మన ఊళ్లలో మామూలే. ఆ లెక్క హెచ్‌డీపీఈకి, అంటే గట్టి పాలిథీన్ పైపుకు, పనికిరాదు. దీని కొనలను వేడి ప్లేటుకు ఆనించి కరిగించి, ఒకదానికొకటి నొక్కి అతుకుతారు. పీవీసీ 80 డిగ్రీలు దాటితే నెమ్మదిగా మెత్తబడుతుంది. హెచ్‌డీపీఈలో సగానికి పైగా స్ఫటికాలే. సుమారు 130 డిగ్రీల దాకా అవి పట్టు వదలవు, వదిలితే ఒక్కసారిగా కరుగుతాయి. నల్ల పైపులో ఆ మార్పు కంటికి ఆనదు. కింది లెక్కలు 110 మి.మీ. పైపుకు, గోడ మందం 10 మి.మీ.

అతుకు కోసినట్టు నున్నగా విరిగింది

విరిగిన ముఖాన్ని వేలితో తడిమి చూడండి. సాగిన పోగులేమీ తగలకపోతే అది చల్లని అతుకు. రెండు వైపుల అణు గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి చొరబడకముందే గట్టిపడిపోయాయి.

ముందు ఒత్తిడిని అనుమానించండి. ప్లేటుకు ఆనించాక చుట్టూ 1.5 మి.మీ. బీడ్ (కరిగి ఉబ్బిన అంచు) రాగానే ఒత్తిడిని దాదాపు సున్నాకు దించాలి. దించకపోతే కరిగిందంతా పక్కకు పోతుంది, అతకాల్సిన చోట పలచటి పొరే మిగులుతుంది. బయట బీడ్ లావుగా ఉంటుంది కనుక అతుకు బాగా పడిందనే అనుకుంటారు. మోసపోయేది ఇక్కడే. దించాక మి.మీ. మందానికి 10 సెకన్ల చొప్పున 100 సెకన్లు ఆగాలి. ప్లేటు తీసి ముఖాలు కలపడానికి 8 సెకన్లకు మించి పట్టకూడదు.

ఒత్తిడి సరిగానే ఉంటే ప్లేటు చూడండి. 200 నుంచి 220 డిగ్రీలుండాలి. డిస్‌ప్లే అంకెను నమ్మకుండా, తాకించి కొలిచే థర్మామీటరుతో నాలుగు చోట్ల చూడండి. పైపుల అవతలి కొనలకు మూత పెట్టండి. లోపల గాలి ఆడితే ముఖం చల్లారిపోతుంది.

అతుకు మధ్యలో బోలు ఖాళీలు, సన్నటి లీకు

త్వరగా చల్లారాలని నీళ్లు పోశారు, లేదా క్లాంపు ముందే విప్పారు. కరిగిన హెచ్‌డీపీఈ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో దాదాపు 20 శాతం కుదించుకుపోతుంది. వెనక నుంచి ఒత్తిడి లేకపోతే ఆ లోటు బోలు ఖాళీలవుతుంది. చదరపు మి.మీ.కు 0.15 న్యూటన్ల ఒత్తిడి చెదరకుండా దాదాపు 14 నిమిషాలు వదిలేయండి. పైపును జరపడానికే పట్టే ఒత్తిడిని గేజి అంకెకు కలుపుకోవాలి.

బీడ్ ఒకవైపు లావు, ఒకవైపు సన్నం

పైపులు ఎదురెదురుగా సరిగ్గా కూర్చోలేదు. రెండు అంచుల మధ్య తేడా గోడ మందంలో పదో వంతు మించకుండా బిగించి, కొనలను మళ్లీ చదునుగా చెక్కండి.

బీడ్ మీద గుంటలు

తడి, దుమ్ము లేదా చేతి జిడ్డు. చెక్కాక ముఖాన్ని తాకకండి. తాకితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

చెడిన అతుకును పైపైన కాల్చి పూడ్చే దారి లేదు. రెండు వైపులా కోసి, చెక్కడం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.