చైనా అమెరికాని దాటేసిందా? బరంపురం వైండింగ్ షాపులో వార్త చదివే పద్ధతి

"చైనా అమెరికాని దాటేసింది" అని ఒక వీడియో, "చైనా పని అయిపోయింది" అని ఇంకో వీడియో. రెండూ ఒకే వారంలో మా మేనల్లుడి ఫోన్లోకి వస్తాయి. వాడు ఒడిశాలోని మా బరంపురంలోనే డిగ్రీ చదువుతూ సాయంత్రాలు నా షాపులో కూర్చుంటాడు. "మామయ్యా, ఇంతకీ ఎవడు గెలుస్తున్నాడు?" అని అడుగుతూ ఉంటాడు. నేను ఎకనామిక్స్ చదవలేదు, మోటార్లు విప్పి కట్టేవాణ్ణి. కానీ ఏళ్ల తరబడి పేపరు చదువుతూ, సామాను కొంటూ, రేటు పెరిగినప్పుడల్లా కస్టమర్లతో మాటలు పడుతూ ఉంటే నాకంటూ ఒక పద్ధతి కుదిరింది. వాడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు, దేంట్లో దాటింది అని అడగండి. మార్కెట్ మారకపు రేటు ప్రకారం 2024లో అమెరికా జీడీపీ, అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువ, సుమారు 29 లక్షల కోట్ల డాలర్లు, చైనాది 19 లక్షల కోట్లకి కాస్త తక్కువ. ఈ లెక్కలో దాటలేదు. అదే కొనుగోలు శక్తి లెక్కలో, అంటే ఆ దేశంలో ఆ డబ్బుకి ఎంత వస్తుందో చూసి సరిచేసిన లెక్కలో, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అంచనా ప్రకారం చైనా పదేళ్ల కిందటే దాటేసింది. తలసరి చూస్తే అమెరికాలో 85 వేల డాలర్ల పైమాట, చైనాలో 13 వేల చిల్లర. మూడూ నిజమే. వీడియో చేసినవాడు తనకి కావలసినదాన్ని ఏరుకుంటాడు, అంతే.

ఏ లెక్క దేనికి పనికొస్తుందో గుర్తుపెట్టుకుంటే చాలు. విదేశాల నుంచి ఆయిలు, యంత్రాలు కొనాలంటే డాలర్లే ఇవ్వాలి కాబట్టి మార్కెట్ రేటు చూడాలి. సొంత గడ్డ మీద రోడ్డు వెయ్యడానికీ, జీతాలివ్వడానికీ కొనుగోలు శక్తి చూడాలి. ఇంట్లో మనిషి ఎలా బతుకుతున్నాడో తెలియాలంటే తలసరి.

తర్వాత గ్రాఫులో గీతలు సాగదీసి జోస్యం చెప్పేవాళ్ళ దగ్గర జాగ్రత్త. 2021లో చైనా జీడీపీ అమెరికా జీడీపీలో ముప్పావు వంతు దాకా వచ్చింది. 2024కి మూడింట రెండొంతుల కిందికి దిగింది. అంటే చైనా కుంచించుకుపోయిందా? కాదు, తన కరెన్సీలో ఏటా పెరుగుతూనే ఉంది. డాలరు బలపడింది, అమెరికాలో ధరలు పెరిగాయి, చైనాలో ఇళ్ల వ్యాపారం దెబ్బతింది. ఇవన్నీ కలిసి ఆ నిష్పత్తిని లాగేశాయి. ఇలాగే 1995లో జపాన్ జీడీపీ అమెరికా జీడీపీలో 70 శాతం దాకా వచ్చింది. దాటడం ఖాయమని అప్పట్లో చెప్పినవాళ్ళకి కొదవ లేదు. "2035కల్లా నంబర్ వన్" అని ఎవరైనా అంటే అనుమానం గుర్తుగా ఆ వాక్యం కింద గీత గీసి ముందుకు పోండి.

నా పద్ధతిలో అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఒక నోటుబుక్కులో రెండు గళ్ళు గియ్యండి. మొదటి గడిలో: వీళ్ళు అమ్మడం ఆపితే అవతలివాళ్ళకి ఏది ఆగిపోతుంది? రెండో గడిలో: ఆగినదాన్ని ఇంకోచోట సంపాదించుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? వార్తలో పెద్ద అక్షరాల్లో వచ్చేది మొదటి గడి. బలం ఎవరిదో తేల్చేది రెండోది.

దీన్ని మా షాపులో ఉన్న వస్తువుతోనే చూపిస్తాను. ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్ మోటారు విప్పితే లోపల స్టేటర్ మీద కాపర్ వైండింగ్ ఉంటుంది, అది నా పని. దాని చుట్టూ తిరిగే రింగుకి లోపలివైపు వరసగా మేగ్నెట్లు అతికించి ఉంటాయి. వేలు మధ్యలో ఇరికితే చర్మం ఊడొస్తుంది, అంత పట్టు. కాపర్ ఎక్కడైనా దొరుకుతుంది. ఈ మేగ్నెట్ దొరకదు. ఇది నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసినది. మోటారు వేడెక్కినా పట్టు సడలకుండా కొంచెం డిస్ప్రోసియమో టెర్బియమో కలుపుతారు. నియోడిమియం, డిస్ప్రోసియం, టెర్బియంలాంటి లోహాలనే రేర్ ఎర్త్ అంటారు.

2025 ఏప్రిల్ 4న, ట్రంప్ సుంకాలకి జవాబుగా, చైనా ఏడు రేర్ ఎర్త్‌ల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ ఏడింటిలో డిస్ప్రోసియం, టెర్బియం రెండూ ఉన్నాయి. తగవు అమెరికాతో. కానీ లైసెన్సు అందరికీ పెట్టారు కాబట్టి కొన్ని వారాల్లోనే మన దేశంలో బండ్లు చేసే కంపెనీలు కూడా మేగ్నెట్లు లేవని గోల పెట్టాయి. మొదటి గడి నిండింది.

రెండో గడి నింపాలంటే వస్తువుని వెనక్కి తవ్వుకుంటూ పోవాలి. మోటారు వెనక మేగ్నెట్, మేగ్నెట్ వెనక లోహం, లోహం వెనక విడదీసిన ఆక్సైడు, దాని వెనక ఖనిజం, అన్నిటికీ వెనక ఇసుక. ఆ ఇసుక మాకు పక్కనే ఉంది! ఛత్రపురం దగ్గర సముద్రం ఒడ్డున కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్ళ ఆస్కామ్ ప్లాంటు ఇల్మెనైటు, రూటైలు, జిర్కానుతో పాటు మోనజైటు కూడా తీస్తుంది. రేర్ ఎర్త్‌లు ఉండేది ఆ మోనజైటులోనే. గోపాల్‌పూర్ బీచికి వెళ్ళినవాళ్ళు నల్లగా మెరిసే ఇసుక చూసే ఉంటారు.

మరి మనకేం టెన్షన్ అంటాడు మా వాడు. ఇసుక ఉంటే సరిపోదురా. మోనజైటులో థోరియం ఉంటుంది, అందుకని దాని మీద అణుశక్తి చట్టం అదుపు ఉంటుంది, ప్రైవేటువాళ్ళు ఇష్టమొచ్చినట్టు తవ్వడానికి లేదు. ఛత్రపురంలో తీసినదాంట్లోంచి వచ్చే మిశ్రమాన్ని ఒక్కో మూలకంగా విడదీసే పని కేరళలోని ఆలువలో జరుగుతుంది. పైగా మన మోనజైటులో తేలిక రకం రేర్ ఎర్త్‌లే ఎక్కువ, డిస్ప్రోసియంలాంటి బరువైనవి చాలా తక్కువ. విశాఖపట్నంలో 2023లో మొదలైన మేగ్నెట్ ప్లాంటు చేసేది సమేరియం–కోబాల్ట్ రకం, స్కూటర్‌లో పడేది కాదు. ఆ స్కూటర్ రకం దేశంలోనే చేయించడానికి కేంద్రం 2025 నవంబరులో రూ.7,280 కోట్ల పథకం ఆమోదించింది, ఏడాదికి 6,000 టన్నులు లక్ష్యం. ఫ్యాక్టరీ కట్టాలి, యంత్రాలు తెచ్చుకోవాలి, చెయ్యి తిరిగిన మనుషులు కావాలి. రెండో గడిలో నేను "ఏళ్లు" అని రాశాను, నెలలు కాదు.

అమెరికా కథ ఇంకా విచిత్రం. కాలిఫోర్నియాలో మౌంటెన్ పాస్ గని ఒకప్పుడు ప్రపంచానికి రేర్ ఎర్త్‌లు సరఫరా చేసింది. చైనా చవగ్గా అమ్మడం మొదలెట్టాక, కాలుష్యం గొడవలు కూడా తోడై 2002లో మూతపడింది. తర్వాత మళ్ళీ తెరిచినా, తవ్విన ఖనిజాన్ని శుద్ధి కోసం చైనాకే పంపేవారు. 2025 ఏప్రిల్లో గానీ అది ఆగలేదు. గని అమెరికాది, పనితనం చైనాది. ఇవాళ ప్రపంచంలో రేర్ ఎర్త్ శుద్ధిలో సుమారు 90 శాతం చైనాలోనే జరుగుతోంది. తవ్వకంలో వాళ్ళ వాటా అంతకంటే తక్కువ, 70 శాతం దాకా. వార్తలో "ఎక్కడ దొరికాయి" అని ఉంటే తొందరపడకండి, "ఎక్కడ విడదీస్తారు" అని చూడండి. మా ఒడిశాలోనే కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో బాక్సైటు నుంచి అల్యూమినా (అల్యూమినియానికి ముడిసరుకు) చేస్తారు. ఆ పనిలో ద్రావణంలోకి కొంచెంగా గాలియం అనే, చిప్పుల్లో వాడే లోహం కూడా వస్తుంది. ప్రపంచంలో తుక్కు నుంచి కాకుండా కొత్తగా తీసే గాలియం దాదాపు అంతా చైనాదే. కారణం బాక్సైటు వాళ్ళ దగ్గరే ఉండటం కాదు, అల్యూమినా ప్లాంట్లలో దాన్ని ఒడిసిపట్టే ఏర్పాటు ఉండటం. 2023 ఆగస్టు నుంచి దానికీ లైసెన్సు పెట్టారు.

ఇప్పుడు ఇదే నోటుబుక్కు రెండోవైపు తిప్పండి, లేకపోతే చైనా భజన అయిపోతుంది. 2022 అక్టోబరు 7న అమెరికా అత్యాధునిక చిప్పులూ, వాటిని తయారుచేసే యంత్రాలూ చైనాకి వెళ్ళకుండా ఆంక్షలు పెట్టింది. చిప్పు మీద అతి సన్నని గీతలు గీసే ఈయూవీ యంత్రాలు ప్రపంచంలో నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎమ్ఎల్ ఒక్కటే చేస్తుంది. అవి చైనాకి చేరలేదు. రెండో గడిలో ఇక్కడా ఏళ్లే. కానీ 2023లో చైనా కంపెనీ హువావే తన కొత్త ఫోన్లో చైనాలోనే చేసిన 7 నానోమీటర్ చిప్పు పెట్టి బయటికి తెచ్చింది. కాబట్టి ఈ గడిని పెన్సిలుతోనే రాయండి, దిద్దాల్సి వస్తుంది.

కొన్ని వస్తువులకి రెండో గడి దాదాపు ఖాళీ. సోయా చూడండి. 2025 సెప్టెంబరులో చైనా అమెరికా సోయాని అసలు దిగుమతి చేసుకోలేదు, బ్రెజిల్ నుంచి తెచ్చుకుంది. అమెరికా రైతుకి కొనేవాడు పోయాడు, చైనాకి పంది దాణా ఆగలేదు. అమ్మేవాడి చేతిలో బలం లేని సరుకు ఇలాంటిదే.

డాలరు సంగతి క్లుప్తంగా. ప్రపంచ దేశాల రిజర్వు బ్యాంకులు దాచుకున్న విదేశీ సొమ్ములో సగానికి పైగా, 57 శాతం ప్రాంతంలో, ఇంకా డాలర్లే. చైనా యువాన్ 2 శాతం చుట్టుపక్కల. ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకి 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని చేతిలో 16 శాతం పైన ఉన్నాయి, అంటే ఆపగలదు. ఫ్యాక్టరీలు ఒక దేశానికి పోయాక కూడా కరెన్సీ పెత్తనం పాత దేశం దగ్గర చాలాకాలం ఉండిపోతుంది. అమెరికా ఉత్పత్తిలో బ్రిటన్‌ని 19వ శతాబ్దంలోనే మించిపోయింది, పౌండు మాత్రం రెండు ప్రపంచ యుద్ధాల దాకా లాక్కొచ్చింది. "డాలరు పతనం" అని రోజూ అరిచే చానెల్‌ని నేను మ్యూట్‌లో పెడతాను.

తేదీ లేని వార్త చదవొద్దు. 2025 ఏప్రిల్లో చైనా సరుకు మీద అమెరికా సుంకం 145 శాతానికి ఎక్కింది, చైనా 125 వేసింది. మే 12న జెనీవా ఒప్పందంతో 30కి, 10కి దిగాయి. అక్టోబరు 9న చైనా రేర్ ఎర్త్ ఆంక్షలు ఇంకా పెంచుతానంది, 30న బూసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశాక ఏడాది వాయిదా వేసింది. వాయిదా పడింది అక్టోబరువి, ఏప్రిల్ లైసెన్సు పద్ధతి రద్దు కాలేదు. ఈ తేడా చాలా వీడియోల్లో మాయమైపోయింది.

ఇంకొకటి: ప్రతి సుంకాన్నీ ఈ పోటీలోకి లాగకండి. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇచ్ఛాపురం వైపు వనామీ రొయ్యల చెరువులవాళ్ళు బెంగపడ్డారు. సూరత్‌లో ఉన్న మా వీధి కుర్రాళ్ళు వజ్రాల పని తగ్గిందని ఫోన్లు చేశారు. ఆ సుంకంలో సగం, 25 శాతం, రష్యా ఆయిలు కొన్నందుకని వేసినది. దానికి వేరే పేజీ.

నాలాంటి చిన్న షాపువాళ్ళు ఈ నోటుబుక్కుతో చెయ్యాల్సింది ఇది. హబ్ మోటారు ఆర్డరు పెట్టేటప్పుడు సప్లయరుని రేటుకంటే ముందు మేగ్నెట్ ఏ రకమో, స్టాకు ఎప్పటిదో అడగండి. ఫెర్రైట్ మేగ్నెట్‌తో నడిచే మోటారు సరిపోయే చోట అదే సూచించండి, బరువెక్కువ, కానీ దానికి చైనా లైసెన్సు గొడవ లేదు. కాలిపోయిన పాత మోటార్లని తుక్కువాడికి కిలో లెక్కన ఇచ్చేసే ముందు రింగులోని మేగ్నెట్లు పగలకుండా తీసి, మధ్యలో చెక్కముక్కలు పెట్టి విడివిడిగా దాచండి. ఆ పని మా వాడికే అప్పగించాను, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని కూడా చెప్పాను.