గేరు గట్టిగా పడుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూడండి

గేరు గట్టిగా పడుతోంది అనగానే అందరూ సింక్రోల (గేర్ల వేగాలను కలిపే రింగుల) మీద పడతారు. ముందు చేయాల్సిన పరీక్షకు పానా కూడా అక్కర్లేదు.

ఇంజిన్ ఆపేసి, క్లచ్ పూర్తిగా తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. ఏదైనా గేరు పడకపోతే బండిని కాస్త ముందుకో వెనక్కో కదిపి మళ్లీ వేయండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి కదలకుండానే అదే పని చేయండి.

రెండుసార్లూ గట్టిగానే ఉంటే తప్పు లివర్, లింకేజీ, కేబుల్ దగ్గర ఉంది. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవట్లేదు. నడుస్తున్నప్పుడు ఒక్క గేరే కరకరలాడితే అప్పుడు సింక్రోను అనుమానించండి.

క్లచ్ విడవట్లేదని తేలితే మొదట పెడల్ కింద మ్యాట్ చూడండి. నవ్వకండి. మ్యాట్ మీద మ్యాట్ వేస్తే పెడల్ చివరి సెంటీమీటరు పోతుంది, క్లచ్‌కు కావాల్సింది ఆ సెంటీమీటరే.

అదీ కాకపోతే, హైడ్రాలిక్ క్లచ్‌లో అసలు మోసం చేసేది మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను గొట్టంలోకి నెట్టేది. బయట చుక్క కారదు, ట్యాంకులో ఫ్లూయిడ్ మట్టం తగ్గదు, పెడల్ కూడా మామూలుగానే అనిపిస్తుంది. లోపల సీలు అరిగి, నొక్కిన ఫ్లూయిడ్ దాన్ని దాటుకుని వెనక్కి ట్యాంకులోకే పోతుంది. ఆ ఫ్లూయిడ్ ఒత్తిడితో గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ను విడిపించే స్లేవ్ సిలిండర్ పుష్‌రాడ్ (నెట్టే కడ్డీ) కదిలేదే సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్లు. అందులో రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గినా క్లచ్ ప్లేటు ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్‌కు రాసుకుంటూనే ఉంటుంది. పెడల్ టక్కున తొక్కితే సీలు పట్టుకుంటుంది, మెల్లగా తొక్కినా, తొక్కి పట్టుకున్నా జారిపోతుంది. అందుకే దారిలో బాగుండి, సిగ్నల్ దగ్గర ఫస్టు గేరు పడదు. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పడిందంటే తప్పు హైడ్రాలిక్స్‌లోనే ఉంది.

ఖాయం చేసుకోవడానికి, ఒకరిని పెడల్ ఒక నిమిషం తొక్కి పట్టుకోమని, మీరు స్లేవ్ పుష్‌రాడ్ పక్కన స్కేలు పెట్టి చూడండి. మెల్లగా వెనక్కి వస్తుంటే ఒత్తిడి ఎక్కడో పోతోంది. స్లేవ్ రబ్బరు బూటు వలిచి చూడండి. లోపల తడి ఉంటే స్లేవ్, ఎక్కడా తడి లేకపోతే మాస్టర్. స్లేవ్ గేర్‌బాక్స్ లోపలే ఉండే కార్లలో, సమతలమైన ఖాళీ స్థలంలో ఇంజిన్ నడుస్తుండగా ఫస్టు గేరులో క్లచ్ తొక్కి పట్టుకోండి, కుడికాలు బ్రేకుపై సిద్ధంగా పెట్టుకుని. కాసేపటికి బండి పాకడం మొదలుపెడితే ఒత్తిడి పోతున్నట్టే.

మాస్టర్, స్లేవ్ రెండూ ఒకేసారి మార్చండి. కొత్త మాస్టర్ పూర్తి ఒత్తిడి ఇవ్వగానే పాత స్లేవ్ కారడం మొదలవ్వొచ్చు. ఎగ్జాస్ట్ పక్కనుంచి వెళ్లే పాత రబ్బరు గొట్టం వేడికి మెత్తబడి ఉబ్బుతుంది, దాన్నీ వదలకండి. ట్యాంకు మూత మీద రాసిన డాట్ గ్రేడు (బ్రేక్ ఫ్లూయిడ్ రకం) ఫ్లూయిడే పోయండి. లోపలి గాలి తీయడానికి, అంటే బ్లీడ్ చేయడానికి, పెడల్ కిందికి వెళ్తుండగా స్లేవ్ మీది నిపుల్ తెరిచి, పైకి వదిలేముందే బిగించండి. ట్యాంకు ఖాళీ అయిందా, మొదటికొస్తారు. బ్లీడ్ చేశాక రెండురోజులకే మళ్లీ మొరాయిస్తే గాలి లోపలికి వస్తున్నట్టే.

చివరగా పెడల్ పుష్‌రాడ్‌కు మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ ఉంచండి. పట్టు పెంచుదామని ఆ ఖాళీ తీసేస్తే ఒత్తిడి లోపలే నిలిచి, వేడెక్కాక క్లచ్ జారుతుంది.

గేర్ ఆయిల్ సంగతి. జీఎల్-4 రకం అడిగే గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే ఇత్తడి సింక్రోలు పట్టు దొరక్క జారతాయి. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాసేపు బిగుసుగా ఉండడం మాత్రం జబ్బు కాదు. ఆయిల్ మార్చేటప్పుడు ముందు నింపే ప్లగ్ విప్పండి. అది ఊడకపోతే, ఆయిల్ దించేశాక బండి కదలదు. మొదటితరం మజ్దా ఎంఎక్స్-5లో లివర్ కింది గూటికి విడిగా ఆయిల్ ఉంటుంది, సుమారు 80–95 మిల్లీలీటర్లు. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినా అది మారదు. అక్కడి రబ్బరు బూటు చిరిగిందేమో చూసి నింపండి.

పైలట్ బేరింగ్, వంగిన ఫోర్క్, వంకరపోయిన ప్లేటు... పుష్‌రాడ్ నిండుగా కదిలినా క్లచ్ విడవకపోతేనే వీటి జోలికి వెళ్లండి. అప్పుడు గేర్‌బాక్స్ దించక తప్పదు. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ షాఫ్ట్ మీది పళ్లకు (స్ప్లైన్‌లకు) గ్రీజు పలచగా రాయండి. ఎక్కువైతే చిమ్మి ప్లేటు మీద పడుతుంది.