లైటును తాకితే షాక్ కొడుతుంటే

ఇత్తడి తొడుగున్న గోడ లైటును తుడుస్తుండగా వేళ్లు జివ్వుమంటే, తడి చేయి వల్లేనని సరిపెట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. స్విచ్‌ను కరెంటు వచ్చే ఫేజ్ తీగకు బదులు న్యూట్రల్ తీగకు బిగించిన ఇళ్లలో స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించాక లోపం లైటుదేనని తేలితే, దానిని ఎవరికీ ఇచ్చేయకుండా, బిల్లు, మోడల్ సంఖ్య దగ్గర పెట్టుకుని, ఆ మోడల్‌ను కంపెనీ వెనక్కి తీసుకుంటోందేమో దాని వెబ్‌సైటులో చూడాలి. ఎల్‌ఈడీ దీపమైతే, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడవచ్చు (బిల్లు లేకుండా కొన్న సీరియల్ లైట్ల సెట్ల మీద అసలా సంఖ్య ఉంటే కదా!). కంపెనీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలి. ప్రమాదకరమైన సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలని ఆదేశించే అధికారం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 20వ సెక్షన్ కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది.